జ్వరం వేళ గుండెకు కాపలా

మా మదరసాలో వానాకాలం చివరి వారాలు జ్వరాల వారాలు. రెండేళ్ల క్రితం అటువంటి ఒక వారంలో పదహారేళ్ల విద్యార్థి ఒకడు మంచం పట్టాడు. వేంపల్లె దాటి గండి వైపున ఉన్న పల్లెలో పుట్టిన పిల్లవాడు. హిఫ్జ్ పూర్తి కావడానికి మరి నాలుగు పారాలే మిగిలి ఉన్నాయి. నాలుగు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు మంట. ఐదవ నాటికి జ్వరం దిగింది. ఆరవ రోజు ఫజర్ నమాజు ముగించుకొని మేడ మెట్లు ఎక్కుతూ సగంలో కూలబడ్డాడు. నేను క్రింద నిలబడి చూస్తున్నాను. "జ్వరం తగ్గింది గదా, ఇంకా ఈ నీరసమేమిటి? లేచి పాఠానికి రా" అని గద్దించాను. "ఆయాసంగా ఉంది హజ్రత్" అన్నాడు. అది బద్ధకమని నేను నిర్ణయించుకున్నాను.

వాడు లేచి వచ్చాడు. గురువు మాట కాదనలేక జుహర్ వరకు కూర్చొని పాత పాఠం అప్పజెప్పాడు. అస్ర్ వేళకు పెదవులు పాలిపోయాయి, నుదుట చల్లని చెమట పట్టింది, మణికట్టు పట్టి చూస్తే నాడి ఒక వరుసలో లేదు. మొదట చూపించిన చోట గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపారు. రాత్రికి మరొక ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడి వైద్యులు ఈసీజీ తీసి, రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష చేయించి, ఎకో చూసి, వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వచ్చిందని చెప్పారు. వైద్య పరిభాషలో దానిని మయోకార్డైటిస్ అంటారు. పిల్లవాడు తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాడు.

వాడి తండ్రి కూలి పని చేసుకునే మనిషి. వైద్యుల ఎదుట చేతులు కట్టుకొని నిలబడి, "వేలమందికి జ్వరం వస్తుంది సారూ, మా వాడి గుండెకే ఎందుకిట్లా అయింది?" అని అడిగాడు. ఆయన కొంచెం ఆగి, "ప్రశ్నను తిప్పి అడగాలి పెద్దాయనా. ఇన్ని వేల జ్వరాల్లో అన్ని వేల గుండెలు ఎట్లా క్షేమంగా బయటపడుతున్నాయి? నాకు అదే ఆశ్చర్యం" అన్నారు. ఆ మాట నన్ను వదలలేదు. నేను వైద్యుణ్ణి కాను, ఫిఖ్‌హ్, హదీసు బోధించేవాణ్ణి. అయినా ఆ తరువాతి నెలల్లో తెలిసిన వైద్యులను అడిగి, దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఈ పత్రిక చదివే తల్లిదండ్రుల ముందు పెట్టడం నా మీద బాకీ అనుకుంటున్నాను. ఆ మెట్ల దగ్గర నేనన్న మాటకు ఇది కొంతైనా పరిహారం.

గుండె మన పిడికిలంత అవయవం. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. చర్మానికి గాయమైతే కొత్త చర్మం వస్తుంది, కాలేయం కొంత కోసివేసినా తిరిగి పెరుగుతుంది. గుండె కండర కణాలకు ఆ సౌలభ్యం లేదు. ఇరవై అయిదేళ్ల మనిషి గుండెలో ఏడాదికి నూటికి ఒక కణం మాత్రమే కొత్తగా మారుతుందని, వయస్సు పెరిగేకొద్దీ అది సగానికి పడిపోతుందని 2009లో స్వీడన్ పరిశోధకులు లెక్కకట్టారు. కనుక గుండెలో ఒక కణం చనిపోతే ఆ చోట మచ్చ మిగులుతుంది, కండరం మిగలదు. మచ్చ ముడుచుకోదు, రక్తాన్ని తోయదు, విద్యుత్ ప్రవాహాన్ని సరిగా సాగనివ్వదు. ముక్కులోనో గొంతులోనో శత్రువు చొరబడితే రోగనిరోధక వ్యవస్థ ఇంటికి నిప్పుపెట్టి దొంగను పట్టుకున్నా నష్టం లేదు. ఆ ఇల్లు వారంలో మళ్లీ లేస్తుంది. గుండె విషయంలో అలా కుదరదు. అక్కడ దొంగను పట్టుకోవాలి, ఇల్లూ నిలవాలి.

గుండెకు చేరగల వైరస్‌లు చాలానే ఉన్నాయి. కాక్సాకీ-బి, అడినో, పార్వో బి-19, ఫ్లూ వైరస్‌లు ఎప్పటినుంచో తెలిసినవి. కరోనా వైరస్ ఈ మధ్య ఆ జాబితాలో చేరింది. డెంగీ, చికున్‌గున్యా మన గడప దగ్గరివే. ఈ చికున్‌గున్యా మన జిల్లాకు మరపురానిది. 1973 తరువాత దేశంలో జాడలేని ఆ జ్వరం 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి తలెత్తి, 2006లో కడప, అనంతపురం పల్లెలను మంచాన పడవేసింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద అనుమానిత కేసులు దాదాపు 14 లక్షలని ప్రభుత్వం లెక్క చెప్పింది. నడుము వంగి, గోడ పట్టుకొని మస్జిదుకు వచ్చిన పెద్దలు నాకింకా కళ్లముందున్నారు. ఆ పేరే ఆఫ్రికాలోని మకోండే భాషలో వంగిపోవడం అనే అర్థమిచ్చే మాట. మనం దానిని కీళ్ల జ్వరంగానే గుర్తుంచుకున్నాము. అదే కాలంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో అదే వైరస్ కొందరి గుండె కండరాన్ని కూడా వాపుకు గురిచేసినట్లు అక్కడి వైద్యులు నమోదు చేశారు. కీళ్లు పట్టేస్తే అందరికీ కనబడుతుంది. గుండె బలహీనపడితే, "ముసలితనం, నీరసం" అని ఇంట్లోవాళ్లే సరిపెట్టుకుంటారు.

వైరస్ గుండెకు చేరిందనుకుందాము. మొదటి కాపలా బయటినుంచి రాదు, సోకిన కణమే కేక వేస్తుంది. ఆ కేక పేరు ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దానిని కనుగొన్నారు. కణం లోపల వైరస్ జన్యుపదార్థాన్ని పసిగట్టే ప్రొటీన్లు ఉంటాయి. అవి మేల్కొనగానే కణం ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేస్తుంది. పక్క కణాలు ఆ సంకేతం అందుకొని, తమలో వైరస్ పెరగడానికి పనికివచ్చే యంత్రాంగాన్ని తామే మూసివేస్తాయి. పొరుగింట్లో దొంగ పడ్డాడని తెలిసి తలుపు గడియ వేసుకున్నట్లు. ఈ పద్ధతిలో ఎవరినీ చంపే పని లేదు, అందుకే గుండెకు ఇది ఎంతో శ్రేష్ఠమైన రక్షణ. ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని అందుకోలేకుండా చేసిన ఎలుకలకు కాక్సాకీ వైరస్ సోకిస్తే అవి కొద్దిరోజుల్లోనే చనిపోయాయి. ఈ తొలి కేక ఎంత విలువైనదో దానినిబట్టి తెలుస్తున్నది.

జ్వరం, ఒళ్లు నొప్పులు, నిద్రమత్తు చాలామటుకు ఈ సంకేతాల ఫలితాలే. విశ్వాసులందరూ ఒకే దేహం వంటివారని, ఒక అవయవానికి బాధ కలిగితే దేహమంతా జ్వరంతోనూ జాగరణతోనూ స్పందిస్తుందని మహాప్రవక్త (సఅసం) తెలిపిన హదీసును మేము ప్రతి ఏడాదీ పాఠంగా చెబుతాము. సమాజానికి చెప్పిన ఉపమానమది. ప్రతి కొత్త పరిశోధనకూ ఒక ఆయత్‌ను ముడిపెట్టే అలవాటు నాకు నచ్చదు, పరిశోధన రేపు మారితే ఏం చేస్తాము? అయితే, ఉపమానానికి ఎంచుకున్న విషయం ఎంత సరైనదో ఈ వైద్యం చదివాకే నాకు బాగా బోధపడింది. జ్వరాన్ని తిట్టిన ఒక మహిళను ఆయన (సఅసం) వారించిన సంగతి కూడా హదీసు గ్రంథాల్లో ఉన్నది.

ఇక గుండెలోనే కాపురముండే భక్షక కణాలున్నాయి. వీటిని మాక్రోఫేజులంటారు. వీటిలో ఒక వంశం మనిషి పుట్టకముందే, పిండదశలోనే గుండెకు చేరి అక్కడే తరతరాలుగా పెరుగుతుందని ఎలుకలపై చేసిన పరిశోధనలు చూపాయి. చాలాకాలం వీటిని చెత్త ఊడ్చేవాళ్లుగానే లెక్కించారు. 2017లో వెలువడిన ఒక పరిశోధన ఇవి గుండె కణాలతో చేతులు కలిపి విద్యుత్ సంకేతం సాఫీగా సాగడానికి తోడ్పడతాయని చూపింది. 2020లో మరొకటి, గుండె కణాలు తమలోని పాడైన భాగాలను మూటగట్టి బయటపెడితే ఈ కాపురస్తులే వాటిని తీసివేస్తాయని తెలిపింది. వైరస్ సోకినప్పుడు చచ్చిన కణాలను మింగి, మంట పెరగకుండా చల్లార్చే పదార్థాలు వదిలేదీ ఎక్కువగా ఇవే. రక్తంలోనుంచి అప్పటికప్పుడు దూసుకువచ్చే భక్షక కణాలు వేరు. వాటి పని దాడి. అవి ఎక్కువైతే గుండెకు నష్టమూ ఎక్కువ. ఇంటివాడికీ బయటినుంచి వచ్చిన సిపాయికీ గల తేడా అది.

సిపాయిలు వద్దా అంటే, కావాలి. సోకిన కణాలను గుర్తించి తొలిరోజుల్లోనే మట్టుపెట్టే సహజ సంహారక కణాలు లేకపోతే వైరస్ అదుపు తప్పుతుంది. వారం దాటేసరికి టి కణాలు, యాంటీబాడీలు సిద్ధమవుతాయి. యాంటీబాడీలు రక్తంలో తిరుగాడే వైరస్‌ను పట్టి బంధిస్తాయి. టి కణాలు ఒక్కొక్క కణం తలుపు తట్టి, లోపల శత్రువు ఉంటే కణంతో సహా చంపుతాయి. ఇక్కడే ప్రమాదం. జ్వరం దిగిన తరువాత, వైరస్ చాలావరకు పోయిన తరువాత, గుండెలో వాపు ముదరడానికి కారణం తరచుగా ఈ రెండవ వారపు సేనే. మా పిల్లవాడు ఆరవ రోజున మెట్ల మీద కూలబడటం వైద్యులకు వింత కాలేదు. వింత అయింది నాకు, జ్వరం తగ్గితే జబ్బు తగ్గినట్లేనని నమ్మినవాడికి.

టి కణాల చదువు సంగతి ఒకటి చెప్పాలి, బోధకుడిగా నన్ను చాలా ఆలోచింపజేసిన విషయం. ఎదురురొమ్ము ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి ఉన్నది. టి కణాలకు అదే మదరసా. స్వంత దేహపు ప్రొటీన్ల నమూనాలను అక్కడ వాటికి చూపుతారు. ఎవరైనా స్వంత దేహం మీదికే లేస్తే అక్కడికక్కడే తొలగిస్తారు. అయితే గుండె కండరంలో ముఖ్యమైన ఆల్ఫా-మయోసిన్ అనే ప్రొటీన్ ఆ పాఠ్యప్రణాళికలో లేదని 2011లో తేలింది. అంటే గుండె మీదికి లేవగల కొన్ని కణాలు పరీక్ష దాటి ప్రతి మనిషి రక్తంలోనూ తిరుగుతూనే ఉన్నాయి. వైరస్ గుండె కణాలను పగులగొట్టి ఆ ప్రొటీన్‌ను బయట పారవేసినప్పుడు వాటికి అది కొత్త శత్రువులా కనబడే అవకాశమున్నది. మరి అందరి గుండెలూ ఎందుకు చెడిపోవడం లేదు? వైద్యులు తిప్పి అడిగిన ప్రశ్న ఇదే.

జవాబు ఈ ఇరవై ముప్పై ఏళ్లలోనే బయటపడింది. సేనను ఆపే సేన ఒకటి ఉన్నది. 1995లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి, తక్కిన టి కణాలను అదుపులో ఉంచడమే వృత్తిగా గల ఒక తరగతి కణాలను గుర్తించారు. నియంత్రక టి కణాలని వాటికి పేరు. వాటిని నడిపే జన్యువును అమెరికాలో మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో వెలికితీశారు. ఈ ముగ్గురికీ కలిపి 2025 వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వైరస్ సోకిన గుండెలో ఈ నియంత్రక కణాలు చేరి, చల్లార్చే సంకేతాలిచ్చి, దాడిని సమయానికి ముగింపజేస్తాయి. ఎలుకలకు ఈ కణాలను అదనంగా ఎక్కించి కాక్సాకీ వైరస్ సోకించినప్పుడు గుండె వాపు తగ్గింది.

రెండవ అదుపు టి కణం మీదనే ఉన్నది. జపాన్‌కే చెందిన తసుకు హోంజో 1992లో కనుగొన్న పీడీ-1 అనే ప్రొటీన్ బండికి బ్రేకు వంటిది. గుండె కణాలు, గుండె రక్తనాళాల లోపలి పొర ఆపదలో తమ ఉపరితలం మీద దానికి సరిపోయే తాళపుచెవిని పైకి తెచ్చి, మీదికి వచ్చిన టి కణపు బ్రేకును నొక్కుతాయి. 'నేను నీవాణ్ణే, ఆగు' అన్నట్లు. ఆ బ్రేకు లేకుండా పుట్టించిన ఒక జాతి ఎలుకల గుండెలు ఉబ్బి బలహీనపడి అవి చనిపోయాయని 2001లో హోంజో బృందమే చూపింది. మనుషుల్లో దీనికి నిదర్శనం అనుకోని దారిలో వచ్చింది. క్యాన్సర్ మీద టి కణాలను ఉసిగొల్పడానికి ఈ బ్రేకును తీసివేసే మందులు వచ్చాయి. ఎందరి ప్రాణాలనో నిలిపిన మందులవి, హోంజోకు 2018లో నోబెల్ తెచ్చినవి. అయితే వాటిని వాడిన రోగుల్లో బహు కొద్దిమందికి తీవ్రమైన గుండె కండర వాపు వచ్చింది. గుండెలో ఏ వైరస్ కూడా అవసరం లేకపోయింది, బ్రేకు తీయడమే చాలింది. మన గుండెలు ప్రతిరోజూ ఎంత నిశ్శబ్దమైన కాపలాలో బతుకుతున్నాయో ఊహించండి.

మా ప్రాంతంవారికి ఇది ఒక మాటలో చెప్పవచ్చు. గండి అనేది మాకు రెండు విధాల తెలుసు. పెన్న ఎర్రమల కొండలను చీల్చుకొని పోయిన చోట గండికోట, పాపాఘ్ని కొండల నడుమ దారి చేసుకున్న చోట గండి. ఇవి నీటికి దొరికిన దారులు. చెరువు కట్టకు పడే గండి వేరు, అది వినాశనం. పెద్దలు చెరువు కట్టినప్పుడు కట్ట ఎత్తు ఒక్కటే చూడలేదు, పక్కన మరువ కూడా పెట్టారు. నిండిన నీరు మరువ మీదుగా పారిపోతే కట్ట నిలుస్తుంది. 2021 నవంబరు 19న మన జిల్లాలోనే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట, వచ్చిన వరదను బయటకు పంపే దారి చాలక తెగి, దిగువ పల్లెలను ముంచిన సంగతి మనమెరుగుదుము. రోగనిరోధక శక్తి కూడా చెరువు నీటి వంటిదే. అది ఉండాలి, అవసరానికి నిండాలి. దానికి మరువ కూడా ఉండాలి. నియంత్రక కణాలు, పీడీ-1 వంటి బ్రేకులు గుండెకు మరువలు.

ఇది అర్థమైతే బజారులో అమ్ముడుపోయే ఒక మాట బలహీనత కూడా అర్థమవుతుంది. కరోనా కాలం నుంచి ప్రతి కషాయం సీసా మీదా, ప్రతి పొడి పొట్లం మీదా 'ఇమ్యూనిటీ బూస్టర్' అని రాయడం ఆనవాయితీ అయింది. కొన్నిటిని మన పండుగ జాతరల్లో, మస్జిదుల బయట కూడా అమ్ముతున్నారు. మితిమీరిన రోగనిరోధక స్పందనే గుండెను పాడుచేసే జబ్బులో ఆ శక్తిని ఊరికే 'పెంచుతాము' అనడంలో అర్థం లేదు. తేనె, కలోంజీలను సున్నత్‌గా వాడుకునేవారిని నేను కాదనను, నేనూ వాడతాను. అయితే ఛాతీ నొప్పితో ఉన్న పిల్లవాడికి అవి ఇచ్చి ఇంట్లో పడుకోబెట్టడం సున్నత్ కాదు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు కల్పించాడని, చికిత్స చేయించుకోమని ఆదేశించినవారు ఆ ప్రవక్త (సఅసం) గారే.

దీనికి రెండో కొస కూడా ఉన్నది. పల్లెల్లో జ్వరమంటే సూది, సూది అంటే చాలాచోట్ల స్టెరాయిడ్. చికున్‌గున్యా కాలంలో నొప్పికి తాళలేక ఆ సూది కోసం వరుస కట్టినవారిని చూశాను. స్టెరాయిడ్ వాపును ఆపుతుంది నిజమే. ఇంకా వైరస్‌తో పోరాడవలసిన తొలిరోజుల్లో అది సేనను ఇంటికి పంపినట్లవుతుంది. గుండె కండర వాపులో స్టెరాయిడ్ తదితర మందులతో రోగనిరోధక శక్తిని అణచితే మేలు కలుగుతుందా అని అమెరికాలో 111 మంది రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1995లో వచ్చాయి. మొత్తం మీద ప్రయోజనం కనబడలేదు. కొన్ని ప్రత్యేక రకాల వాపులో మాత్రం అవే ప్రాణం నిలుపుతాయి. ఏది ఏ రకమో తేల్చేది గుండె వైద్యుడు, ఎంఆర్‌ఐ, అవసరమైతే గుండె నుంచి తీసిన చిన్న ముక్క. నొప్పి మాత్రల విషయమూ అంతే. డెంగీ అనుమానమున్నప్పుడు ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావానికి దారితీస్తాయి, పారాసిటమాల్ చాలు. మన ఊళ్లలో మందుల దుకాణానికి పోయి "జ్వరానికి ఇవ్వండి" అంటే ఏది చేతికి వస్తుందో చెప్పలేము కనుక మాత్ర పేరు చదివించుకోండి.

యువకుల ఆకస్మిక మరణాల గురించి ఇంటింటా భయమున్నది. దానికి కరోనా టీకానే కారణమన్న మాట జుమా తరువాత నన్ను అడగనివారు అరుదు. ఎం-ఆర్‌ఎన్‌ఏ రకం టీకాల తరువాత, ముఖ్యంగా యువకుల్లో, అరుదుగా గుండె కండర వాపు వచ్చినది నిజం. చాలావరకు అది స్వల్పంగా ఉండి తగ్గిపోయింది. మన దేశంలో అత్యధికులకు వేసిన కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఆ రకం టీకాలు కావు. భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 47 ఆసుపత్రుల ద్వారా 18 నుంచి 45 ఏళ్ల వారిలో జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. టీకా ఆ మరణాల ప్రమాదాన్ని పెంచలేదని అది తేల్చింది. లోగడ కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో అటువంటి మరణాల చరిత్ర, మితిమీరిన మద్యపానం, మరణానికి ముందు రెండు రోజుల్లో తీవ్రమైన శారీరక శ్రమ ప్రమాదాన్ని పెంచినట్లు అందులో కనబడింది.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. కాక్సాకీ సోకిన ఎలుకలను బలవంతంగా ఈదిస్తే వాటి గుండెల్లో వైరస్ పెరిగి, ఎక్కువ చనిపోయాయని పాత పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే గుండె కండర వాపు తగ్గినవారిని మూడు నుంచి ఆరు నెలలు పోటీ ఆటలకు, బరువు పనులకు దూరంగా ఉంచుతారు. మందుకంటే ముందు వచ్చే మందు విశ్రాంతి. మన ఇళ్లలో దొరకనిది కూడా అదే. జ్వరం దిగిన మరునాడే మగపిల్లవాడు పనికి పోవాలి, ఆడపిల్ల నీళ్లు మోయాలి, కోడలు వంటింట్లో నిలబడాలి. తల్లి సంగతి చెప్పనే అక్కరలేదు, ఆమెకు జ్వరం వచ్చిందని ఇంట్లో తెలిసేది తగ్గిన తరువాత.

ఆ పిల్లవాడు ఆసుపత్రి మంచం మీదనుంచి నన్ను అడిగిన మొదటి మాట, "హజ్రత్, నమాజు ఎట్లా?" అని. మూలవ్యాధితో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు, నిలబడి చేయమని, కాకుంటే కూర్చొని, అదీ కాకుంటే ప్రక్కకు పడుకొని చేయమని ప్రవక్త (సఅసం) చెప్పారు. ఆ హదీసును పాతికేళ్లు పాఠం చెప్పాను, ఆ రోజే మొదటిసారి వాడి మంచం ప్రక్కన కూర్చొని దాని బరువు తెలుసుకున్నాను. మన పిల్లల్లో ధర్మనిష్ఠ గలవారు రుఖ్సత్‌ను, అంటే షరీఅత్ ఇచ్చిన వెసులుబాటును, బలహీనతగా భావిస్తారు. ఓర్చుకొని నిలబడటమే పుణ్యమనుకుంటారు. వైద్యుడు నిలబడవద్దన్నప్పుడు కూర్చోవడమే ఆ వేళకు విధేయత. పదమూడవ శతాబ్దపు ఇబ్నె నఫీస్‌ను ఇక్కడ తలచుకోవాలనిపిస్తుంది. గుండె కుడి గది నుంచి రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమ వైపునకు చేరుతుందని, మధ్యగోడలో కంటికి కానరాని రంధ్రాలున్నాయన్న గేలన్ మాట తప్పని రాసిన వైద్యుడాయన. కైరోలో షాఫయీ ఫిఖ్‌హ్ కూడా బోధించారు. ఒకే మనిషికి ఆ రెండు విద్యలూ తెలిసిన కాలంలో రోగి ఇన్ని తలుపులు తట్టవలసిన పని ఉండేది కాదేమో.

జ్వరం వచ్చిన రెండు మూడు వారాల లోపు ఈ లక్షణాలు కనబడితే ఆలస్యం చేయవద్దు: ఛాతీలో నొప్పి లేక బరువు, ఇంతకుముందు లేని ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవడం, గుండె దడ లేక లయ తప్పిన నాడి, కళ్లు తిరిగి పడిపోవడం, పాదాల వాపు. చంటిపిల్లలు చెప్పలేరు, పాలు త్రాగుతూ చెమట పట్టి అలసిపోవడం, పాలిపోవడం వారి భాష. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి గాని, కడప రిమ్స్ గాని, దగ్గరున్న చోటికి పోయి ఈసీజీ, ట్రోపోనిన్ అని పేరుపెట్టి అడగండి. గ్యాస్ అని మాత్ర ఇస్తే, గుండె పరీక్ష చేశాక ఆ మాట చెప్పమనండి. మర్యాదగా అడగవచ్చు, అడగకుండా మాత్రం రావద్దు.

మా పిల్లవాడి గుండె పంపుచేసే బలం చేరిన రోజున సగానికి సగం పడిపోయి ఉన్నది. మూడవ నెలకు చాలావరకు కోలుకున్నది. అంతవరకూ వాడికి క్రింది అంతస్తులోనే మంచం వేశాము, వాడి నీళ్ల బకెట్టు మరొకరు మోశారు, ఖిరాఅత్ కూర్చొనే చేశాడు. ఆ ఏడాది రమజాన్ వచ్చేనాటికి మందులు ఇంకా సాగుతున్నాయి కనుక రోజాలు వద్దని వైద్యులు చెప్పారు. వాడు ఏడ్చాడు. వ్యాధిగ్రస్తులు వేరే దినాలలో లెక్క పూర్తిచేయవచ్చునని ఖుర్ఆన్ ఇచ్చిన అనుమతిని వాడి చేతనే చదివించి, అర్థం వాడి చేతనే చెప్పించాను. మరుసటి చలికాలం చిన్న పొద్దుల్లో, వైద్యుల అనుమతి తీసుకొని, ఆ రోజాలన్నీ ఒకటొకటిగా తీర్చాడు. చివరి రోజా ఇఫ్తార్‌కు తండ్రి వేంపల్లె నుంచి ఖర్జూరాలు, ఒక గిన్నె హరీరా తెచ్చాడు. మేడ మీద తిన్నాము. మెట్లు వాడు నాకంటే ముందు ఎక్కాడు, నేను మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే వెనక్కు తిరిగి, "ఆయాసంగా ఉందా హజ్రత్?" అని అడిగాడు.